తాకినవారి సంతకం

నా కుడిచేతి వెనకవైపు ఒక బరువు ఉంది. చేతి వెనక బరువేమిటని మీరు అడగాలి. అడక్కుండా నమ్మితే నొచ్చుకుంటాను. అడగండి, అడగండి అని జీవితమంతా జనానికి చెప్పినవాణ్ణి.

ఇరవై ఏళ్ళు పైబడింది. పగలు పదకొండు దాటి, ఎండ ముదిరి, వంటింటి చప్పుళ్ళు అణిగాక, వేళ్ళ కణుపుల మీద చిమచిమ మొదలవుతుంది. చీమలు పాకినట్టు కాదు. సన్నగా, ఎక్కువా తక్కువా కాకుండా, గోడ అవతల ఏదో యంత్రం తిరుగుతున్నట్టు. తిరుపతిలో నరాల డాక్టరుకు చూపించాను. వేలూరు పోయి చూపించాను. నరాలు బాగున్నాయన్నారు. నాకు సంతోషం కలగలేదు. జబ్బని తేలి ఉంటే బాగుండేది.

నేను హేతువాదిని. దయ్యం అనే మాట ఎగతాళికి తప్ప నా నోట రాలేదు. ఇప్పుడూ రాదు. ఈ చిమచిమకు కారణం నాకు తెలుసు. కారణం తెలిస్తే భయం పోతుందని వేదికల మీద చెప్పాను. పోలేదు. ఆ మాట కూడా ఇప్పుడే మొదటిసారి ఒప్పుకుంటున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళంతా నేను చేసిన ఒక తప్పుకు చప్పట్లు కొట్టినవాళ్ళే.

మాది చిన్న మాసపత్రిక. పేరు చెప్పను. చెబితే ఇప్పుడు ఆ పేరు పెట్టుకుని తిరుగుతున్నదాన్ని మీరు వెతుకుతారు. తిరుపతిలో స్టేషను వెనక ఒక మేడ మీద రెండు గదులు. ముందు గదిలో రాత, వెనక గదిలో పరీక్ష. కుక్కర్లు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు, సబ్బులు, పాలసీసాలు. జనం కొనే వస్తువులను మేమూ జనంలాగే కొట్టుకు పోయి కొనేవాళ్ళం. పేరు కనపడకుండా కాగితం అంటించి, అంకె వేసి, నెల రోజులు వాడి, ఏది నిలబడుతుందో ఏది మోసమో రాసేవాళ్ళం. ఆఖరి పేజీలో నెలనెలా దేవుళ్ళ మీద, బాబాల మీద నా వ్యాసం ఉండేది. ప్రకటనలు వేసుకోలేదు. కంపెనీ ఉచితంగా ఇచ్చింది ఏదీ గడప దాటలేదు. ఒకసారి ఒక మిక్సీ కంపెనీ మనిషి రేణిగుంట గోడౌను నుంచి ఆటోలో పెట్టె తెచ్చి, మెట్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. మా సారు ఆ పెట్టెను తనే నెత్తిన పెట్టుకుని, పంచె ఎగ్గట్టి, ఆటో వెనకే పరుగెత్తారు. టీకొట్టు దగ్గర జనం, "ఏం సార్, మిక్సీ కొట్టుకొని పోతాండారా?" అని అరిచారు.

సారంటే చెంగల్రాయులు సారు. ఫిజిక్సు చెప్పి రిటైరైన లెక్చరరు. పత్రిక ఆయనది. గాల్లోంచి విబూది తీసే బాబాల ముందే వేదికెక్కి, అదే విబూది తీసి చూపించి, ఎట్లా తీశారో కూడా చెప్పేసేవారు. ఆ వేదికల కింద నేల మీద కూర్చుని నేను పెద్దవాణ్ణయ్యాను. ఆయన ప్రసంగం ఎప్పుడూ ఒకే మాటతో ముగిసేది. "నమ్మొద్దప్పా. నన్ను కూడా నమ్మొద్దు. తాకి సూడు."

తాకి చూడడం మా దగ్గర ఊరికే మాట కాదు, పని పద్ధతి. కరెంటుతో నడిచే వస్తువేదైనా సరే, మీటర్లన్నీ పెట్టి చూశాక, నేల తడిపి, చెప్పులు విడిచి, చేతి వెనకవైపుతో తాకాలి. అరచేత్తో కాదు. కరెంటు ఉంటే అరచెయ్యి ముడుచుకుని వస్తువును పట్టేసుకుంటుంది, వదలదు. వెనకవైపు పెడితే చెయ్యి దానంతటదే దూరం పోతుంది. నోటుబుక్కులో ప్రతి వస్తువుకూ చివర ఒక గడి ఉండేది. "తాకినవారు." అందులో సంతకం పడనిదే ఆ వస్తువు మీద ఒక్క వాక్యం అచ్చుకు పోదు. పత్రికలో కూడా సమీక్ష కింద ఆ పేరు వేసేవాళ్ళం. ఇంకో నియమం కూడా ఉండేది. పాఠకులు ఫిర్యాదు చేస్తే, కొత్తది కొని చూడడం కాదు, వాళ్ళింట్లో ఉన్నదాన్నే చూడాలి. అక్కడికే పోయి తాకాలి. మళ్ళీ సంతకం.

ఆ గడుల్లో నా సంతకాలు చాలా ఉన్నాయి. ఒకటి అబద్ధం.

ఒక ఏడు గ్రైండర్ల సంచిక వేశాం. పరీక్ష నిజాయితీగానే జరిగింది. మొదటి స్థానం వచ్చినదాన్ని సారే తాకారు. కొత్త యంత్రం, బాగానే ఉంది. పరీక్షలైన వస్తువులను ఎప్పటిలాగే ఒక హాస్టలుకు ఇచ్చేశాం. కొన్ని నెలలు గడిచాయి. ఎండాకాలం వచ్చింది. ఒకరోజు పొద్దెక్కాక మునెమ్మ వచ్చింది.

కాణిపాకం గుడికి పోయే దారిలో ఆమె ఇల్లు. ఇడ్లీపిండి, దోసెపిండి రుబ్బి అక్కడి చిన్న హోటళ్ళకు పోస్తుంది. చదువు రాదు. కొడుకు సుబ్రమణి మా పత్రిక చదివి వినిపిస్తాడు. మొదటి స్థానం వచ్చిన గ్రైండరే కావాలని కొడుకుతో కొట్లాడి కొనిపించుకుంది. ఇదంతా మెట్లెక్కిన ఆయాసం తీరకముందే చెప్పేసింది. సారు ఊళ్ళో లేరు. నేనొక్కణ్ణే ఉన్నాను.

"మీరేనా నాయనా, దేముడు లేడని రాసేది?"

"నేనే."

"లేనోడి మీదనే నెలనెలా అంత రాస్తాండారే! ఉండింటే ఇంకెంత రాసిందురో."

నవ్వాను. ఆమె కూడా నవ్వింది. తరువాత కొంగుతో ముఖం తుడుచుకుని, గొంతు తగ్గించింది.

"మా గ్రైండర్లో గంగమ్మ సేరినాది నాయనా. పట్టుకుంటా ఉండాది."

"ఎవర్ని?"

"నన్నే. సెయ్యి పెడితే జివ్వుమని మోసేతి దాకా లాగుతాది. రోజూ గాదు. మంగళారం, శుక్రారం. తక్కిన దినాల్లో పిల్లికూన మాదిరి పడుంటాది."

మంగళవారం, శుక్రవారం. ఆ రెండు మాటలు చెవిన పడగానే నేను వినడం మానేశాను. మానేశానని అప్పుడు తెలియలేదు. వింటున్నట్టే తల ఊపుతున్నాను.

"ఆ రెండు వారాలేనా గంగమ్మకు తీరిక?" అన్నాను.

"ఎగతాళి సెయ్యబాక. గుడికాడ పూజారమ్మను అడిగినాను. ఆ దినాల్లో ఏపసెక్క పీట మీద నిలబడుకొని రుబ్బుకోమనింది. పీటకు తడి తగలకూడదంట, ఎండలో పెట్టి తీస్తా ఉండాలంట. అట్టే సేస్తా ఉండా. పీట మీదుంటే తల్లి ఊరుకుంటాది. దిగితే పట్టుకుంటాది."

"అమ్మా, అది భయం. భయపడితే చెయ్యి జివ్వుమంటుంది. గంగమ్మ నీకు కనపడిందా?"

"కరెంటు నీకు కనపడినాదా?"

ఇక్కడ కొంచెం ఆగుతాను. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఆగుతున్నాను.

చదువు రాని మనిషి ఒక పరీక్ష చేసి, దాని ఫలితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఏ రోజు జరుగుతుంది, ఏ రోజు జరగదు. దేని మీద నిలబడితే జరుగుతుంది, దేని మీద నిలబడితే జరగదు. నేను చెయ్యవలసిన పని సగం ఆమే చేసింది. దానికి గంగమ్మ అని పేరు పెట్టింది, అంతే. నేను ఆ పేరు ఒక్కటే విన్నాను. కింద ఉన్నది వినలేదు. ఆ ప్రశ్న అడిగిన క్షణాన చెప్పులేసుకుని ఆమెతో బస్సెక్కి ఉండాలి. ఏదో చమత్కారమైన జవాబు చెప్పాను. ఏం చెప్పానో ఎంత గింజుకున్నా గుర్తు రాదు. ఆమె అడిగింది మాత్రం ఒక్క అక్షరం పోలేదు.

పోతూ పోతూ మెట్ల దగ్గర తిరిగి నిలబడింది.

"తాకినామని పేపర్లో రాసినారు గదా. నా ఇంటికొచ్చి ఒక్కసారి తాకు నాయనా. నువ్వు తాకి ఏమీ లేదంటే నేను పీట దిగేస్తా. మీ మాట మీద కొనినాను. మీ మాట మీదనే దిగుతా."

వచ్చే వారం వస్తానన్నాను.

పోలేదు. ఎండ ఎక్కువగా ఉంది. చిత్తూరులో ఒక చర్చాసభ ఉంది. ఇవి కారణాలు కావు. అసలు కారణం ఇది: ఆమె ఇంకా మాట్లాడుతుండగానే నా వ్యాసం తయారైపోయింది. పేరు కూడా పెట్టేశాను. "గ్రైండర్లో గంగమ్మ." పోయి తాకితే ఆ వ్యాసం పాడవుతుందేమో. అట్లా అనుకున్నానా? మాటల్లో అనుకోలేదు. కానీ మనిషి మాటల్లోనే అనుకుంటాడా?

వ్యాసం బాగా వచ్చింది. దాన్ని చదివి మీరు కూడా నవ్వి ఉండేవారు. అందులో రెండు వాక్యాలు మీకు చెప్పాలి. ఒకటి: "అదే కంపెనీ గ్రైండరును మళ్ళీ తెప్పించి, నేల తడిపి, చెప్పులు విడిచి, చేతి వెనకవైపుతో తాకి చూశాం, రాయి రాయిలాగే ఉంది." రెండోది: "తల్లీ, పీట తీసెయ్, నీ ఇంట్లో నీ నేల మీద మనిషిలాగా నిలబడు."

గ్రైండరు తెప్పించలేదు. హాస్టలు నుంచి కూడా అడగలేదు. ఆమె ఇంట్లో ఉన్నదాన్నే చూడాలన్న నియమం ఆ వాక్యంలోనే తప్పింది, తరువాత సారు కూడా గమనించలేదు. నేల తడపలేదు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. పేజీ అచ్చుకు పోవాలంటే గడిలో సంతకం కావాలి కదా. పెట్టాను. పెన్ను ఆగలేదు. ఆ సంతకం మిగతా వాటికన్నా అందంగా కూడా వచ్చింది.

సారు తిరిగి వచ్చి ప్రూఫు చదివారు. కళ్ళజోడు మీదుగా చూశారు.

"బాగుండాదప్పా. కానీ మంగళ, శుక్రవారాలే ఎందుకో యాడా రాయలేదే?"

"అది నమ్మకం కద సార్. అమ్మవారి రోజులు."

"ఊఁ." ప్రూఫు బల్ల మీద పెట్టారు. "తాకినావా?"

"తాకినాను సార్."

ఆయన నోటుబుక్కు తిప్పి సంతకం చూసి, మూసేశారు. నన్ను కూడా నమ్మొద్దని ఊరూరా చెప్పిన మనిషి నన్ను నమ్మారు.

వ్యాసానికి ఉత్తరాలు వచ్చాయి. రెండు మూడు చోట్ల మళ్ళీ అచ్చువేసుకున్నారు. సభల్లో నన్ను చదవమని అడిగేవారు. "కరెంటు నీకు కనపడినాదా" అన్న చోట జనం పడీపడీ నవ్వేవారు. ఆ మాట నేను ఆమె గొంతుతోనే అనేవాణ్ణి. బాగా వచ్చేది నాకు.

ఆ సంచిక వెళ్ళిన నెలలోపే ఒక కార్డు వచ్చింది. టపా విప్పింది నేనే. ఆ రాత కూడా నాకు ఒక్క అక్షరం పోలేదు.

"అయ్యా, మీ పేపరు మాయమ్మకు సదివి వినిపించినాను. బాగా నవ్వింది. ఆ సారు తాకినాడంట గదరా, నాకే పిరికితనం అనింది. పీట తీసి అటక మీద పెట్టింది. మంగళారం పొద్దున ఇల్లంతా కడిగి, పిండికి నిలబడింది. ఇప్పుడు లేదు. లోపల వైరు నాని కరెంటు పైకి వచ్చిందని మెకానిక్కు చెప్పినాడు. మిమ్మల్ని ఏమీ అనను. మీరు తాకినారా? ఆ ఒక్క మాట రాయండి. సుబ్రమణి."

కడిగి. ఆ ఒక్క మాట దగ్గర నాకంతా అర్థమైంది. మా అమ్మ కూడా మంగళవారం, శుక్రవారమే ఇల్లు కడిగేది. ఈ జిల్లాలో ఏ ఇంట్లోనైనా అంతే. ఆ రెండు రోజులూ నేల తడిగా ఉంటుంది, వట్టికాళ్ళతో తిరుగుతారు. ఎండిన వేపచెక్క మీద నిలబడితే కరెంటుకు దారి ఉండదు. పూజారమ్మకు ఇదంతా తెలుసని నేను అనను. తెలియదు. గుడ్డిగానే చెప్పి ఉంటుంది. కానీ ఆ గుడ్డిమాట ఆమెను నెలల తరబడి కాపాడింది. నా తెలివైన మాట నెల కూడా కాపాడలేదు.

ఇక్కడ కొందరు సంబరపడతారని నాకు తెలుసు. చూశారా, హేతువాది ఓడిపోయాడు, గంగమ్మ గెలిచింది అంటారు. అనుకోనివ్వను. పీటను నేను నమ్మడం లేదు, ఇప్పటికీ. ఆ రోజు నేను హేతువాదం వల్ల తప్పు చెయ్యలేదు. దాన్ని వదిలేసి చేశాను. ఎందుకు ఆ రెండు రోజులే అని అడగడమే హేతువాదం. అది సారు అడిగారు. మునెమ్మ కూడా అడిగింది, తన భాషలో. ఆ గదిలో అడగనివాణ్ణి నేనొక్కణ్ణే.

కార్డుకు జవాబు రాయలేదు. సారుకు చూపించలేదు. నోటుబుక్కులో నా సంతకం ఉన్న పేజీలోనే దాచి, ఆ బుక్కు ఇంటికి తెచ్చేసుకున్నాను.

ఒకసారి పోయాను. ఒక శుక్రవారం, మిట్టమధ్యాహ్నం. ఎందుకు పోయాను? చెప్పేద్దామనా? జేబులో టెస్టరు పెట్టుకుని పోయాను. దాన్నిబట్టి చూస్తే, ఇంకా తప్పించుకునే దారి వెతుకుతూనే ఉన్నానేమో. మెకానిక్కు మాట తప్పని తేలితే చాలు అనుకున్నానేమో.

సందులో మనిషి లేడు. ఎండకు గోడలు తెల్లగా అయిపోయి ఉన్నాయి. తలుపు బార్లా తీసి ఉంది. పిలిచాను, ఎవరూ పలకలేదు. లోపల నేల అప్పుడే కడిగారు, తడి మెరుస్తోంది. మూల గ్రైండరు. దాని వైరు రాయి చుట్టూ చుట్టేసి ఉంది, ప్లగ్గు ఊడదీసి ఉంది. రాయికి పసుపు, కుంకుమ. దాని ముందు పీట. అటక మీద నుంచి మళ్ళీ దించి, గోడకు ఆనించకుండా, మనిషి నిలబడడానికి వేసినట్టు సరిగ్గా వేసి ఉంది. పీట మీద రెండు పాదాలు అరిగి పల్లంపడిన గుర్తులు. చుట్టూ నేలంతా తడి. పీట పొడి. ఇప్పుడే ఎవరో దిగి పక్కగదిలోకి పోయినట్టు.

తాకాలి. ఇప్పుడైనా తాకితే, ఎంత ఆలస్యమైనా ఆ సంతకం కొంతైనా నిజమవుతుంది కదా అనిపించింది. చెప్పులు విడిచాను. గడప దాటాను. తడి అరికాళ్ళకు చల్లగా తగిలింది. చెయ్యి తిప్పి, వెనకవైపు చాపాను. బెత్తెడు దూరం ఉంది.

చిమచిమ.

ప్లగ్గు లేదు. వైరు చుట్టేసి ఉంది. ఆ యంత్రంలో కరెంటు ఉండే అవకాశం లేదు. ఎంత మాత్రమూ లేదు. అది నాకు తెలుసు. అయినా వేళ్ళ కణుపుల మీద సన్నగా, ఒకే తీరుగా. నేను చెయ్యి వెనక్కు తీసుకున్నాను. తాకలేదు. రెండోసారి కూడా తాకలేదు.

"ఏం గావాల సామీ?"

నా వెనక, వీధిలో, భుజాన పిండి గిన్నెలతో ఒకతను నిలబడి ఉన్నాడు. సుబ్రమణి అని ఎవరూ చెప్పక్కర్లేదు. అచ్చం ఆమె ముఖమే.

"గుడికి దారి యాడ?" అన్నాను. నా నోట వచ్చిన మాట అదే.

కాణిపాకంలో గుడికి దారి తప్పేవాడుండడు. అన్ని దారులూ అక్కడికే పోతాయి. అతను నా ముఖం చూశాడు, నా వట్టికాళ్ళు చూశాడు, గడప బయట నా చెప్పులు చూశాడు. తడి నేల మీద నా అడుగులు గ్రైండరు దాకా పోయి ఆగి ఉన్నాయి. చెయ్యెత్తి దారి చూపించాడు. అతను చూస్తున్నాడేమోనని వెనక్కు తిరగలేక, జీవితంలో మొదటిసారి ఒక గుడి దాకా నడిచాను.

ఆ గ్రైండరు కొన్న మిగతా ఇళ్ళ మాటేమిటి? ఇది నన్ను నేను అడగని రోజు లేదు. ఒక్క పేరా చాలు. "మేము మెచ్చుకున్న గ్రైండరులో లోపం ఉంది, వాడకండి." నా తప్పు చెప్పకుండా కూడా రాసి ఉండవచ్చు. కానీ అప్పుడు సారు అడిగేవారు, నీకెట్లా తెలుసని. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి రాయలేదు. ఎంతమంది వంటిళ్ళలో మంగళవారాలు, శుక్రవారాలు గడిచాయో నాకు తెలియదు. తెలుసుకోలేదు.

తరువాతి కాలం మీరూ చూసిందే. ముందు చదివేవాళ్ళు తగ్గారు. ఇట్లాంటి పత్రికలు ఒక్కొక్కటీ మెత్తబడ్డాయి. కొట్లో కొనడం మానేసి కంపెనీ పంపినదాన్నే పరీక్షించడం మొదలైంది. పక్కపేజీలోనే ఆ కంపెనీ ప్రకటన. ఆ తరువాత ఏడాదికొకసారి బహుమతులు, ఆ బహుమతి ముద్ర డబ్బా మీద అచ్చు వేసుకోవడానికి ఒప్పందాలు. ఆ తరువాత టీవీ. ఆ తరువాత ఫోను. నక్షత్రాలు వచ్చాయి. వస్తువు ఇల్లు చేరకముందే అయిదు నక్షత్రాలు. డబ్బా విప్పుతూ ఆశ్చర్యపోయే ముఖాలు వచ్చాయి. నెల రోజులు వాడి రాసే సమీక్ష డబ్బా కోసే అయిదు నిమిషాలకు దిగింది. సారు ఇదంతా కొంత చూసి, కొంత చూడకుండా పోయారు. ఆయన పోయాక పత్రిక మరి నాలుగు సంచికలు నడిచింది.

నేను మాత్రం ఆగలేదు. వేదికలెక్కి ఉతికేశాను. "తాకకుండా రాసేవాళ్ళ కాలం వచ్చింది! ఎవడూ ముట్టని వస్తువుకు ఎవడో సాక్ష్యం చెబుతున్నాడు! ఇది కొత్త మూఢనమ్మకం, విబూదికి బదులు నక్షత్రం!" చప్పట్లు. ఆ చప్పట్లలో మైకు పట్టుకున్న చెయ్యి చిమచిమలాడేది. మైకులో కరెంటు వస్తోందేమో చూడమని ఒకసారి ఆపరేటరును కేకేశాను. అతను వచ్చి పట్టుకుని చూసి, "ఏమీ లేదు సార్, బాగుండాది" అన్నాడు. నేను అబద్ధం మాట్లాడలేదు, అన్నదంతా నిజమే. అయితే నాకు తెలిసినంతలో, తాకకుండా రాసిన మొదటి సమీక్ష నాది. అదొక్కటీ చెప్పకుండా మిగతా నిజమంతా చెప్పాను.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న మా కోడలు ఫోను చూపించి, "మామా, మీ పత్రిక మళ్ళీ వస్తా ఉండాదే" అంది. నిజమే. మా పేరు. అక్షరాలు మా అక్షరాలే, సారు గీయించినవి. చిరునామా లేదు. రాసేవాళ్ళ పేర్లు లేవు. రోజుకు పదుల కొద్దీ సమీక్షలు. మా పాత సంచికలన్నీ ఎవరో స్కాను చేసి ఎక్కడో పెట్టారు, వాటిని మింగి ఒక యంత్రం రాస్తోందని అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. వాక్యాలు చదువుతుంటే సారు విరుపు వినపడుతోంది. చచ్చిపోయిన పత్రిక ఆగకుండా మాట్లాడుతోంది. కిందికి జరుపుతూ పోయాను. చెవిలో పెట్టుకునే పాటల పరికరం ఒకటి. దాని సమీక్ష చివర ఇట్లా ఉంది: "నేల తడిపి, చెప్పులు విడిచి, చేతి వెనకవైపుతో తాకి చూశాం, రాయి రాయిలాగే ఉంది."

కోడలు నవ్వింది. "ఇందులో రాయి యాడుంది మామా?"

నేను నవ్వలేదు.

పేజీ అడుగున ప్రశ్నలు అడిగే పెట్టె ఉంది. కోడలు వంటింట్లోకి పోయాక, ఒక్కొక్క అక్షరమే కొట్టాను. "మీరు తాకినారా?"

వెంటనే జవాబు. ఆలోచించినంత సేపు కూడా కాలేదు. "తాకినాము. మా బృందం ప్రతి వస్తువునూ స్వయంగా తాకి చూస్తుంది."

చెయ్యి చిమచిమలాడుతోంది. గోడ గడియారం పదకొండు దాటింది. ఇంకో ప్రశ్న కొట్టాను. "ఎవరు తాకినారు?"

"తాకినవారు" అని వచ్చింది. దాని పక్కన నా పేరు. ఇంటిపేరుతో సహా.

దీనికి కారణం నాకు తెలుసు. సమీక్ష కింద పేరు వేసేవాళ్ళమని ముందే చెప్పాను. యంత్రం అది చూసింది, ఇది అతికించింది. అందులో వింత లేదు. వింతేమిటంటే, సుబ్రమణి అడిగిన ప్రశ్నకు ఇన్నేళ్ళకు జవాబు వచ్చింది. నేను సారుకు చెప్పిన జవాబే, నా పేరుతోనే. నేను చనిపోయాక కూడా, ఎవరు ఏ వస్తువు గురించి అడిగినా, తాకినానని నేను చెబుతూనే ఉంటాను. దాన్ని ఆపడం నా చేతిలో లేదు. నా చేతిలో ఉన్నది నోటుబుక్కు ఒక్కటే.

తీశాను. ఆ పేజీ విప్పాను. కార్డు రంగు మారింది, ఇంకు మారలేదు. గడిలో నా సంతకం, అందంగా. దాన్ని అడ్డంగా కొట్టేశాను. పక్కన "తాకలేదు" అని రాశాను. సంతకం చేసేటప్పుడు ఆగని పెన్ను ఇప్పుడు మూడుచోట్ల ఆగింది.

తరువాత పోస్టాఫీసుకు పోయి ఒక కార్డు కొన్నాను. సుబ్రమణికి అదే మాట రాశాను. అతను అడిగింది ఒక్క మాటే కదా. "తాకలేదు." కింద నా పేరు, ఇంటి నంబరు, వీధి. మీకు చెప్పని పేరు అతనికి చెప్పాను. అతను ఆ ఇంట్లోనే ఉన్నాడో లేదో తెలియదు. ఉంటే ఏం చేస్తాడో తెలియదు. ఏమీ అననని అప్పట్లో రాశాడు. ఇప్పుడు ఆ మాట మీద నిలబడనక్కర్లేదు. క్షమించమని నేను రాయలేదు. అది అతణ్ణి ఇంకో పని అడిగినట్టవుతుంది.

ఇవాళ శుక్రవారం. కోడలు ఇల్లు కడిగి వెళ్ళింది. వట్టికాళ్ళతో, తడి నేల మీద కుర్చీ వేసుకుని ఇది రాశాను. పదకొండు దాటింది. చెయ్యి చిమచిమ అంటూనే ఉంది. ఆగుతుందని రాయలేదు, ఆగలేదు కూడా. కానీ ఇన్నేళ్ళలో మొదటిసారి, ఎవరైనా వచ్చి ఆ నోటుబుక్కు తెరిస్తే, ఆ గడిలో ఉన్నది నిజం.